వాలు చేనులో మట్టి ఆగాలంటే చెట్లకంటే ముందు గడ్డి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: చంద్రగిరి దగ్గర కొండ కింద నాలుగెకరాల ఎర్రనేల కొన్నారు. ఇన్నాళ్ళూ అందులో శెనక్కాయ వేసేవాళ్ళు. పోయిన కార్తీకంలో వచ్చిన వానలకు చేను మధ్యలో మోకాటి లోతు కోత పడింది, కింది గెనిమ (గట్టు) తెగింది, పైమట్టి పక్కాయన కయ్యలో (మడిలో) చేరింది. ఇప్పుడు మామిడి పెట్టాలనుకుంటున్నారు. జేసీబీ అతను మెట్లు మెట్లుగా చదును చేసిస్తానంటున్నాడు, బంధువులు టేకు పెట్టమంటున్నారు, యూట్యూబులో వట్టివేరు అంటున్నారు. అసలు ఏ మొక్క పెడితే మట్టి ఆగుతుంది?

చిత్తూరు జిల్లా ఇంకా మూడు ముక్కలు కాకముందు వాటర్‌షెడ్ పనుల (వాన నీళ్ళనూ మట్టినీ ఎక్కడివక్కడ ఆపే పనుల) మీద ఇరవై ఏళ్ళకు పైగా ఊళ్ళు తిరిగాను. ఇప్పుడు పాకాల వైపు మూడున్నర ఎకరాల మామిడి తోపు చూసుకుంటున్నాను, అదీ వాలు నేలే. నేను చెప్పేది ఆ రెండు చోట్లా చేసి చూసింది, చేసి చెడగొట్టుకున్నది.

సూటిగా చెప్పాలంటే, చెట్లతో మొదలుపెట్టకండి, గడ్డితో మొదలుపెట్టండి. వాలుకు అడ్డంగా, ఒకే మట్టంలో నడిచే గీత మీద వట్టివేరు వరుసలు వేయండి. వరుసల మధ్య నేల బోడిగా ఉండకుండా ఉలవో అలసందో స్టైలో అనే మేత మొక్కో ఉండాలి. దుక్కి ఎప్పుడూ అడ్డంగానే. ఇవి కుదిరాక మామిడి. టేకు వద్దు. జేసీబీ అతనికి ప్రస్తుతానికి ఒక నమస్కారం పెట్టండి.

చెట్ల వేర్లు మట్టిని పట్టి ఉంచుతాయని బడిలో చదువుకున్నాం. అబద్ధం కాదు, కానీ అది సగం మాట. మన ఎర్రనేలల్లో మట్టి పోవడం మొదలయ్యేది వేర్ల దగ్గర కాదు, పైన, చినుకు పడే చోట. ఈసారి గట్టి వాన వెలిశాక చేనులోకి వెళ్ళి గొంతు కూర్చుని నేలను దగ్గరగా చూడండి. ప్రతి గులకరాయి కిందా వేలి మందాన చిన్న మట్టి దిమ్మె నిలబడి ఉంటుంది, రాయి దానిమీద టోపీ పెట్టినట్టు ఉంటుంది. ఆ రాయి ఎక్కడికీ కదల్లేదు. రాయి లేని చోట మట్టే అంత లోతు దిగిపోయింది. ఆ దిమ్మె ఎంత ఎత్తుంటే ఆ వానలకు మీ చేను అంత పల్చబడినట్టు. చినుకు దెబ్బకు మట్టిరేణువు లేస్తుంది, లేచినది వాలు వైపు జారుతుంది, సన్నటి ధారలు కలిసి కాలవ అవుతాయి. మీకు కనబడిన మోకాటి లోతు కోత ఈ కథలో ఆఖరి అంకం. దాన్ని చూసి గాభరా పడతాం గానీ, చేను మొత్తం మీద కాగితం మందాన పోయింది కంటికి ఆనదు.

ఒక లెక్క చెబుతాను. ఎకరంలో ఒక్క మిల్లీమీటరు మందం మట్టి పోయిందంటే నాలుగు ఘనపు మీటర్లు, అంటే ఐదారు టన్నులు. ట్రాక్టరు ట్రక్కుకు ఒకటిన్నర లోడు. ఆ మట్టినే రేపు చెరువు నుంచి తోలించుకోవాలంటే ఎంతవుతుందో మీకే తెలుసు. పైగా మన వైపు కొండ కింద చేలల్లో మంచి మట్టి జానెడో మూరెడో ఉంటుంది, దాని కింద గరప, అంటే రాళ్ళు కలిసిన గట్టి పొర. గరప బయటపడ్డాక ఏ మొక్కా సుఖంగా బతకదు.

అందుకే టేకు వద్దన్నాను. టేకు ఆకు విస్తరంత ఉంటుంది. ఆకు మీద పడిన సన్న చినుకులన్నీ కలిసి పెద్ద బొట్లుగా మారి, చెట్టు ఎత్తు నుంచి మళ్ళీ వేగం అందుకుని కిందపడతాయి. చెట్టు కింద గడ్డీ చెత్తా ఉంటే ఫరవాలేదు. కానీ టేకు తోటల్లో కింద గడ్డి సరిగా పెరగదు, ఎండాకాలం రాలిన ఆకు నిప్పుకు పోతుంది, లేదా ఎవరో ఊడ్చి పట్టుకెళ్తారు. మిగిలేది బోడి నేల, పైనుంచి పెద్ద బొట్లు. ఒక ఊళ్ళో పదేళ్ళ టేకు తోట చూశాను. దూరం నుంచి పచ్చగా అడవిలా ఉంది. లోపలికి వెళ్తే ప్రతి చెట్టూ తన వేర్ల మీద జానెడు ఎత్తున నిలబడి ఉంది. మట్టిని ఆపేది నేలను ఆనుకుని ఉన్న కప్పు. అది గడ్డయినా, చెత్తయినా, తీగయినా సరే. టేకైనా నీలగిరైనా మామిడైనా, కింద ఊడ్చినట్టు ఉంచితే ఫలితం ఒకటే.

ఇక వట్టివేరు. యూట్యూబులో చెప్పేదాంట్లో చాలావరకు నిజమే. మన దగ్గర కుండ నీళ్ళలో వేసుకునే వట్టివేరే అది. దాని వేరు పక్కలకు పాకకుండా నిట్టనిలువుగా కిందికి దిగుతుంది. అనుకూలమైన నేలలో రెండు మూడు మీటర్లు పోతుంది. పక్కన పెట్టిన పైరుతో పెద్దగా పోటీ పడదు. దక్షిణాదిలో పెంచే రకానికి మొలకెత్తే విత్తనం పట్టదు కాబట్టి గరికలా చేనంతా అల్లుకోదు. (ఎవరైనా వట్టివేరు విత్తనాల ప్యాకెట్ అమ్మజూపితే కొనకండి. దీన్ని పిలకలతోనే పెంచాలి.) కర్ణాటకలో మైసూరు దగ్గర గుండ్లుపేట వైపు రైతులు తరతరాలుగా దీన్ని పొలం గట్ల మీద పెంచుతున్నారు. 1980లలో ప్రపంచ బ్యాంకు వాళ్ళు వాటర్‌షెడ్ పనుల్లోకి దీన్ని తీసుకొచ్చాక ఊరూరా పేరు వినబడింది. అంటే మనకు పరాయి సరుకేం కాదు.

అది పనిచేసే తీరు అర్థమైతే నాటడంలో తప్పు చేయరు. వట్టివేరు వరుస నీళ్ళకు ఆనకట్ట కాదు, జల్లెడ. దుబ్బులు ఒకదానికొకటి ఆనుకున్నాక పైనుంచి వచ్చే నీళ్ళు అక్కడ నిదానించి, పక్కలకు పరుచుకుని, సందుల్లోంచి మెల్లగా దిగుతాయి. నిదానించిన నీళ్ళు మట్టిని మోయలేవు, వరుసకు పై పక్కన దించేస్తాయి. అలా పేరుకున్న మట్టిలో దుబ్బు మొదలు కూరుకుపోయినా చావదు, కణుపుల దగ్గర కొత్త వేర్లు పుట్టి పైకి లేస్తుంది. ఏటా కొంచెం కొంచెంగా మెట్టు తయారవుతుంది. నా తోపులో ఆరేళ్ళ వరుసకు పైనా కిందా తేడా ఇప్పుడు జానెడు పైమాటే. జేసీబీ ఒక్క రోజులో చేసిస్తానన్న పనే ఇది. కాకపోతే ఇక్కడ మెట్టు మంచి మట్టితో కట్టుకుంటుంది. జేసీబీ మంచి మట్టిని అడుగున పూడ్చి గరపను పైకి తెస్తుంది.

గీత తప్పితే వట్టివేరే చేనును కోస్తుంది. ఇది నా సొంత అనుభవం. కొత్తగా పనిలో చేరిన రోజుల్లో ఐరాల వైపు ఒక రైతు చేనులో వరుసలు చూడముచ్చటగా ఉండాలని ఈ గట్టు నుంచి ఆ గట్టుకు తాడు లాగి తిన్నగా నాటించాను. నేల ఎక్కడైనా తిన్నగా ఉంటుందా? మధ్యలో ఒకచోట మూరెడు పల్లం ఉంది. వరుస వెంబడి నడిచొచ్చిన నీళ్ళన్నీ ఆ పల్లంలో చేరాయి. మొదటి తుపాను వానకే అక్కడ దుబ్బులు వేర్లతో సహా లేచిపోయి, కింది చేనులో నిలువునా కాలవ పడింది. అంతకు ముందు ఆ చేనులో కాలవే లేదు. ఆ రైతు నన్ను ఒక్క మాటా అనలేదు, మజ్జిగ కూడా ఇచ్చాడు. అదే ఎక్కువ బాధనిపించింది. మళ్ళీ కొలిచి, పీకి, వంకర గీత మీద నాటడానికి ఇంకో ఏడాది పట్టింది.

కాబట్టి కొలత మీద టైం పెట్టండి. ఖరీదైన పరికరం అక్కర్లేదు. ఇల్లు కట్టే మేస్త్రీలు మట్టం చూసే ట్యూబ్ లెవెల్ చాలు. ఇరవై మీటర్ల సన్న పారదర్శక పైపు, అడుగులూ అంగుళాలూ గీసిన రెండు సమానమైన కర్రలు, ఇద్దరు మనుషులు. పైపులో నీళ్ళు నింపి ఒకో కొన ఒకో కర్రకు కట్టండి. మొదటి కర్ర ఒకచోట నిలిపి, రెండో మనిషి పది మీటర్ల దూరంలో కొంచెం పైకీ కిందికీ జరుగుతూ, రెండు కర్రల మీదా నీళ్ళు ఒకే గీత దగ్గరకు వచ్చేదాకా వెతకాలి. వచ్చిన చోట గూటం కొట్టండి. తర్వాత మొదటి మనిషి ఆ గూటం దగ్గరకు వస్తాడు, రెండో మనిషి ముందుకు పోతాడు. పైపులో చిన్న గాలి బుడగ ఉన్నా కొలత మొత్తం తప్పుతుంది. మొదలుపెట్టే ముందు రెండు కొనలూ పక్కపక్కన పెట్టి నీళ్ళు సమానంగా ఉన్నాయో లేదో చూసుకోండి, భోజనానికి లేచొచ్చాక మరోసారి చూసుకోండి. గూటాలన్నీ కొట్టాక పైనుంచి చూస్తే గీత పాము నడిచినట్టు ఉంటుంది. మరీ గజిబిజిగా ఉన్నచోట మాత్రం కాస్త సవరించండి, దుక్కికి ఇబ్బంది లేకుండా.

వరుసకూ వరుసకూ మధ్య దూరం వాలును బట్టి. నిలువు ఎత్తులో మీటరు తేడాకు ఒక వరుస అనుకుంటే మామూలు చేలకు సరిపోతుంది. వంద మీటర్లు నడిస్తే ఐదు మీటర్లు దిగే వాలయితే ఇరవై మీటర్లకు ఒకటి పడుతుంది, ఎనిమిది మీటర్లు దిగేదయితే పన్నెండు పదమూడు మీటర్లకు ఒకటి. మీది ఐదు శాతం వాలనుకుంటే ఎకరానికి రెండు వందల మీటర్ల వరుస, నాలుగెకరాలకు ఎనిమిది వందలు. నాలుగు నుంచి ఆరు అంగుళాలకు ఒక పిలక (రెండు మూడు కాడలు కలిసిన ముక్క) చొప్పున ఐదారు వేల నుంచి ఎనిమిది వేల దాకా పిలకలు కావాలి. అన్నీ డబ్బు పెట్టి కొనకండి. ఐదారు వందలు తెచ్చి, బోరు దగ్గర నీళ్ళు పారే చోట రెండు మూడు సెంట్లలో అడుగున్నరకొకటి నాటండి. నీళ్ళూ పేడ ఎరువూ అందితే ఏడాదిలో ఒక పిలక పది పదిహేను తేలిగ్గా ఇస్తుంది. పైఏడు మీ సొంత నారే మీకు సరిపోతుంది. ఈ ఏడాదే ఏదో ఒకటి చేయాలనుకుంటే, పై నుంచి మొదటి రెండు వరుసలు మాత్రం వేయండి. పైనుంచే మొదలుపెట్టాలి. కింద వేసి పైన వదిలేస్తే నీళ్ళ బలమంతా కింది వరుస మీదే పడుతుంది.

నాటేటప్పుడు చూసుకోవాల్సినవి: దుబ్బు తవ్విన రోజో మరునాడో నాటేయాలి. రెండు మూడు కాడలున్న పిలకలుగా విడదీసి, ఆకు జానెడు ఉంచి కోసేసి, వేరు నాలుగు వేళ్ళంత ఉంచి మిగతాది కత్తిరించాలి. నేను పేడనీళ్ళలో ముంచి నాటుతాను. గీత వెంబడి ఒక సాలు తోలి, సాలులో పిలకలు పెట్టి, మట్టి కప్పి, కాలి మడమతో గట్టిగా అదమాలి. పీకితే రాకూడదు. అదమకుండా వదిలేసిన పిలకలే ఎక్కువ చస్తాయి. వరుసలో ఒక్క పిలక చచ్చినా అక్కడ పన్ను ఊడినట్టు సందు ఏర్పడి, నీళ్ళు సరిగ్గా అందులోంచే దూకుతాయి. అందుకే మొదటి ఏడాది నెలకోసారి వరుస వెంబడి నడిచి ఖాళీలు పూడ్చాలి. ఈ పనికి బద్ధకిస్తే మిగతా కష్టమంతా దండగ. బాగా అందుకున్నాక ఏడాదికి రెండు మూడు సార్లు అడుగు, అడుగున్నర ఎత్తులో కోస్తుంటే పిలకలు వేసి దట్టమవుతుంది. లేత ఆకు ఆవులు తింటాయి, ముదిరింది మామిడి పాదుల్లో పరుచుకోవచ్చు.

ఎప్పుడు నాటాలంటే, మన వైపు అసలు పరీక్ష ఐప్పసి (అక్టోబరు, నవంబరుల్లో వచ్చే తమిళ నెల), కార్తీక మాసాల్లో తుపాను వానలకు. అప్పటికి వేరు దిగి ఉండాలి. జూన్, జూలైల్లో మొదటి మంచి పదును (నేలలో తగినంత తడి) దొరకగానే నాటేయండి. వానకూ వానకూ మధ్య ఎండ కాస్తే ట్యాంకరుతోనైనా రెండు మూడు తడులు ఇవ్వండి. మొదటి వేసవి దాటిందంటే ఆ తర్వాత మీరు మరిచిపోయినా అది బతుకుతుంది. అక్టోబరులో నాటి నవంబరులో తుపాను వస్తే మాత్రం ఎక్కడి పిలకలు అక్కడే కొట్టుకుపోతాయి. 2021 నవంబరులో తిరుపతి మునిగిన వాన గుర్తుంది కదా, స్వర్ణముఖి ఎర్రగా పారిన రోజులు. ఆ వానకు నా తోపులో మూడేళ్ళ వరుసలు ఒక్క దుబ్బు కూడా కదల్లేదు. ఆ ఆగస్టు చివర్లో పెట్టిన కొత్త వరుసలో మూడో వంతు పోయింది.

వట్టివేరుకు ఒక బలహీనత ఉంది, అమ్మేవాళ్ళు చెప్పరు. దానికి నీడ పడదు. మామిడి కొమ్మలు కమ్ముకుంటే ఐదారేళ్ళలో పల్చబడుతుంది. అందుకే ముందు వట్టివేరు గీతలు వేసుకుని, వాటికి కనీసం మూడు నాలుగు మీటర్లు వదిలి మామిడి వరుసలు కూడా అదే వంపులో పెట్టుకోండి. చదరంగా తాళ్ళు పట్టి గుంతలు తీసే అలవాటు వాలు నేలలో మానేయాలి. చెట్ల వరుస వంకరగా ఉంటే చూసినవాళ్ళు నవ్వుతారు. నవ్వనివ్వండి.

వరుసల మధ్య నేల సంగతి వట్టివేరుకంటే ముఖ్యం, నిజానికి. ఇరవై మీటర్ల నేల బోడిగా పెట్టి చివర్లో ఒక గడ్డి గీత గీస్తే అది ఎంతని ఆపుతుంది? మన మామిడి తోపుల్లో పెద్ద జబ్బు ఏడాదికి రెండు మూడు సార్లు నున్నగా దున్నడం, అదీ ట్రాక్టరుకు సులువని పైనుంచి కిందికి. ప్రతి సాలూ ఒక కాలవే. దున్నని తోపు సోమరివాడి తోపు అని పేరు పడుతుందని భయం, గడ్డిలో పాములుంటాయని ఇంకో భయం. పాముల భయం నేను కొట్టిపారేయను. చెట్టు పాదు చుట్టూ, నడిచే దారిలో కోసి ఉంచండి చాలు.

నేను చేసేది ఇది: తొలకరి పదునుకు ఒక్కసారి, అడ్డంగా, తేలిగ్గా దున్నుతాను. ఉలవ, అలసంద, పిల్లిపెసర, జనుము కలిపి చల్లేస్తాను. ప్రకృతి వ్యవసాయం వాళ్ళు నవధాన్యాలు అంటున్నది ఇదే పద్ధతి. వాళ్ళు వానకు ముందే పొడి దుక్కిలో చల్లమంటారు, కొండ కింద చేలకు అది ఇంకా మంచిది, మొదటి వానకే నేల మీద పచ్చదనం ఉంటుంది. తుపానుల రోజుల్లో ఆ తీగలు నేలను కప్పి ఉంటాయి. కార్తీకం దాటాక కోసి అక్కడే పరిచేస్తాను. వేర్లతో పీకను. అలా ఎందుకంటే మామిడి పూతకు రావాలంటే నేల కాస్త ఆరాలి, అప్పుడు పచ్చి పైరు ఉంటే తేమకు పోటీ, కోసి పరిస్తే ఆ బెడద లేదు. ఉలవ సంగతి మీ ఊరి ముసలివాళ్ళను అడిగి చూడండి, ఏమీ పండని గరప మీద కూడా అల్లుకుంటుందని వాళ్ళే చెబుతారు. రసానికి గింజలు దొరకడం అదనం.

ఏటా విత్తనం చల్లే ఓపిక లేకపోతే స్టైలో హమాటా వేయండి. ఎర్రనేలకు బాగా సరిపోతుంది, పప్పుజాతి కాబట్టి నత్రజని కూడా ఇస్తుంది, మేత అవుతుంది, దాని విత్తనం అదే రాల్చుకుని మళ్ళీ మొలుస్తుంది. ఎకరానికి రెండు మూడు కిలోలు. విత్తనం పైపొర గట్టిది, అలాగే చల్లితే చాలావరకు మొలవదు. నీళ్ళు పొగలు కక్కేదాకా కాచి దించి, మరుగు తగ్గాక అందులో మూడు నాలుగు నిమిషాలు ఉంచి తీసి, నీడలో ఆరబెట్టి, ఇసుకలో కలిపి చల్లండి. మరిగే నీళ్ళలో వేసి ఉడకబెట్టేశాడు మా పక్క తోపు ఆయన. ఒక్కటీ మొలవలేదు.

వట్టివేరు దొరకదు, లేదా మొదటి ఏడాది నీళ్ళు పెట్టే దారి లేదు అనుకోండి. అప్పుడు పాత పద్ధతే. పొలంలో ఏరిన రాళ్ళు అదే మట్టం గీత మీద మోకాలి లోపు ఎత్తున పేర్చి, పై పక్కన కిత్తనార నాటండి. దానికి నీళ్ళు అక్కర్లేదు, మేకలు ముట్టవు. మన వైపు పాత గట్ల మీద కనబడే ముళ్ళ కలబంద లాంటి మొక్క అదే. మధ్య మధ్య సీతాఫలం, గ్లైరిసీడియా పెట్టుకోవచ్చు. గ్లైరిసీడియా మూడడుగుల కొమ్మ పదునులో గుచ్చితే చాలు, ఏడాదికి రెండు మూడు కోతల పచ్చిరొట్ట ఇస్తుంది. అయితే ఈ పొదలు మాత్రమే పెట్టి కింద గడ్డి లేకపోతే మొదళ్ళ మధ్య నుంచి నీళ్ళు దర్జాగా పోతాయి. రాళ్ళో గడ్డో నేలను ఆనుకుని ఉండాల్సిందే.

సర్కారు తుమ్మ మాత్రం ఎవరెంత చెప్పినా తేకండి. మట్టిని ఆపుతుంది, నిజమే. తర్వాత దాన్ని ఆపేవాళ్ళు ఉండరు.

మీ మోకాటి లోతు కోత సంగతి. మట్టి తెచ్చి పూడ్చకండి, పై వానకు మళ్ళీ పోతుంది. కోత ఎక్కడ మొదలైందో ఆ తల దగ్గర నుంచి పని మొదలుపెట్టాలి. తల నిటారుగా తెగి ఉంటే దాన్ని వాలుగా చెక్కి రాళ్ళు పరచండి. కిందికి వస్తూ కొన్ని మీటర్లకు ఒకటి చొప్పున అడ్డంగా రాళ్ళ కట్ట, మధ్యలో కొంచెం పల్లంగా, అంచులు ఎత్తుగా. మధ్య ఎత్తు పెడితే నీళ్ళు అంచులు కోసుకుని పక్క నుంచి పోతాయి. కట్టకు పై పక్కన మట్టి చేరగానే అందులో వావిలి కొమ్మలు గుచ్చండి, అంచుల వెంబడి కానుగ నాటండి. ఈ రెండూ పశువులు పెద్దగా ముట్టని మొక్కలు, తేమ ఉంటే మొండిగా వస్తాయి. చాలామంది వెదురు పెట్టమంటారు. వేరు పట్టు బాగానే ఉంటుంది గానీ పలమనేరు, కుప్పం వైపు కౌండిన్య అడవి అంచున ఉన్నవాళ్ళకు నేను చెప్పను. ఏనుగులను పిలిచి విస్తరి వేసినట్టే. మీ కొండకు కూడా ఏనుగులు వస్తున్నాయేమో ఊళ్ళో అడగండి.

జేసీబీ గురించి ఒక్క సందర్భంలో ఒప్పుకుంటాను. కొండ నీళ్ళను పక్కకు మళ్ళించే కందకం తీయాలంటే యంత్రమే మేలు, మనుషులతో అయితే తడిసి మోపెడవుతుంది. ఆ కందకం తీసిన మట్టిని కింది పక్కన వేసి, అదే రోజు దానిమీద వట్టివేరో గరికో పెట్టించండి. పచ్చి మట్టి కట్ట బోడిగా ఒక్క వాన చూసినా చాలు, కరిగిపోతుంది. నీళ్ళు చివరకు ఎక్కడ దిగాలో ముందే చూసుకోండి. వంకలోకో కుంటలోకో దిగాలి గానీ పక్కాయన చేనులోకి కాదు. ఆ దిగే దారి వెడల్పుగా, లోతు తక్కువగా ఉండి గరిక పట్టి ఉంటే కోత పడదు. ఇరుకుగా, లోతుగా తీస్తే రెండేళ్ళకు అది ఇంకో వంక అవుతుంది, ఆపైన గ్రామ పెద్దల దగ్గర పంచాయితీ.

మొక్కలతో అన్నీ ఆగుతాయని కూడా అనుకోకండి. మీ చేను పైన నిటారు కొండ అంచు ఉండి, అక్కడ బండలు కదులుతున్నా, నేలలో పొడవాటి చీలికలు కనబడుతున్నా అది గడ్డి పని కాదు. 2021 డిసెంబరు 1న తిరుమల ఘాట్ రోడ్డు మీద కొండచరియలు విరిగి పడ్డాయి చూడండి, అలాంటివి వేర్లు అందుకోలేని లోతు నుంచి జరిగే సంగతులు. అక్కడ ఇంజనీర్లనే పిలవాలి. మన మాట అంతా పైమట్టి గురించి.

ఇంకొకటి, వరుసలు దట్టమయ్యాక వేరు కొంటామని వ్యాపారులు వస్తారు. మూడో ఏడు నా దగ్గరకూ ఒకాయన వచ్చాడు, మంచి రేటే చెప్పాడు. వేరు అమ్మాలంటే దుబ్బు మొత్తం తవ్వి తీయాలి, అంటే గట్టు పొడవునా మీరే కందకం తవ్వినట్టు. వేరు అమ్ముకోవాలని ఉంటే వాలు లేని చోట విడిగా పది సెంట్లు పెట్టుకోండి, గట్టు మీది గడ్డిని ముట్టొద్దు.

మీ ప్రశ్నలో ఒకటి రాయలేదు: మీ చేనుకు ఎగువన ఉన్నది అడవా, ఇంకొకరి చేనా? అడవి అయితే పై గట్టు వెంబడి కందకం ముందు, వట్టివేరు తర్వాత. ఇంకొకరి చేను అయితే ముందు వాళ్ళతో కూర్చుని మాట్లాడండి, మొదటి వరుస వాళ్ళ కింది గట్టు మీదే పెడితే ఇద్దరికీ లాభం. నార మీ దగ్గరిదే ఇస్తానంటే ఎవరూ కాదనరు. అది చెప్పి, ట్యూబ్ లెవెల్‌తో పై గట్టు నుంచి కింది గట్టుకు ఎంత దిగుతోందో కొలిచి రాయండి. ఎన్ని వరుసలు, ఎక్కడెక్కడ అన్నది ఇక్కడే లెక్కేసి చెబుతాను.